సన్న తీగ దగ్గర చేతులెత్తేసిన నిప్పర్

గిటార్ తీగల కొసలు కత్తిరించడానికి కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్న ఫ్లష్ నిప్పర్ (సన్న తీగలు కోసే చిన్న కట్టర్) మీద నాకు ఇష్టమూ ఉంది, కోపమూ ఉంది. ప్రస్తుతానికి కోపానిదే పైచేయి.

ఇష్టం ఎందుకంటే, దీని దవడ ఒకవైపు చదునుగా ఉంటుంది. తీగని చుట్టి బిగించే పెగ్గుకి ఆనించి నొక్కితే తీగ మొదలంటా తెగుతుంది. మామూలు కటింగ్ ప్లేర్‌తో కోస్తే మిగిలే మొన ట్యూనింగ్ చేసేటప్పుడు వేలికి గుచ్చుకుంటుంది, బ్యాగు లోపలి గుడ్డని పీకుతుంది. ఆ బాధ పోయిందని అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పేవాణ్ణి.

నాగోల్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో సంగీత్‌కి వాయిస్తున్నాం. సౌండ్ చెక్‌లో మొదటి తీగ, అంటే అన్నిటికన్నా సన్నది, ఫట్‌మంది. కొత్తది ఎక్కించి, శ్రుతి చేసి, కొస మీద నిప్పర్ నొక్కితే తెగలేదు. దవడల మధ్య మడతపడి బయటికొచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. కీబోర్డ్ వాయించే తమ్ముడు, "అన్నా, మొన్న లావు తీగలు మంచిగనే కోసినవ్ గదా, ఇదెందుకు తెగుతలేదు?" అన్నాడు. ఫోన్ లైటు వేసి చూస్తే రెండు దవడల అంచుల మీదా ఎదురెదురుగా నొక్కులు. నిప్పర్ పూర్తిగా మూసినా వాటి మధ్య నుంచి వెలుతురు కనిపిస్తోంది. పన్నెండు గేజి తీగ అంటే 0.012 అంగుళం, సుమారు 0.3 మిల్లీమీటర్లు. అది ఆ సందులో దూరిపోతోంది. అన్నిటికన్నా లావుది ఆరో తీగ, అది అందులో పట్టదు కాబట్టి తెగుతోంది! చేసేదిలేక మిగిలిన కొసని చుట్టచుట్టి అలాగే వాయించేశాను. పాటంతా అది హెడ్‌స్టాక్‌కి (పెగ్గులుండే గిటార్ తలకి) తగిలి గీరుతూనే ఉంది.

నిజానికి ఈ నిప్పర్ సర్క్యూట్ బోర్డుల మీద విడిభాగాలకుండే మెత్తటి రాగి కాళ్ళు కోయడానికి చేసింది. గిటార్ తీగేమో హై కార్బన్ స్టీలు. లావు తీగల పైన కనిపించే కంచు చుట్టు మెత్తనిదే గానీ, లోపలి నడిమి తీగ అదే గట్టి స్టీలు, చాలావాటిలో ఆరు పలకలది. అంచుని తినేసింది అదే. నేను మెచ్చుకున్న ఆ చదును కోసమే అంచుని అంత పలచగా చేస్తారు, అందుకే తొందరగా దెబ్బతింటుంది.

తర్వాత రాణీగంజ్‌లో అడిగితే షాపాయన గిటార్ అనగానే, "గట్లయితే స్ప్రింగు వైరు కోసేది తీస్కోండి సార్" అని, రెండువైపులా ఏటవాలు అంచున్న సైడ్ కట్టర్ చేతిలో పెట్టాడు. పియానో వైరు (అదీ ఇలాంటి గట్టి స్టీలే) ఎంత మందం దాకా కోయొచ్చో అట్ట మీదే రాసుంది. తీగని దవడల లోపలికి, ఇరుసు దగ్గరికంటా తోసి కోస్తే పెద్దగా బలం పెట్టక్కర్లేదు. (చుట్టున్న తీగలైతే ముందు కొసని మడిచి, మడత అవతల కోయండి, చుట్టు విడిపోదు.) కాకపోతే చెయ్యి బరువు, మొన కూడా కాస్త మిగులుతుంది. వేలికి మళ్ళీ అప్పుడప్పుడు గుచ్చుకుంటోంది.

నాది స్టీలు తీగల అకూస్టిక్, తరచూ తీగలు మారుస్తాను, కాబట్టి నాకిదే నయం. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వాళ్ళకి ఇంత తతంగం అక్కర్లేదు, ఇంట్లో నెయిల్ కట్టరున్నా సరిపోతుంది. ఇంకా సన్నటి తొమ్మిది గేజి సెట్టు వేసుకుని ఎప్పుడో గాని మార్చని ఎలక్ట్రిక్ వాళ్ళకి ఫ్లష్ నిప్పర్ ఎక్కువ కాలమే రావచ్చు, నేనైతే అలా వాడి చూడలేదు. నాది మాత్రం ఇప్పుడు జాక్ కేబుళ్ళ సోల్డరింగ్‌కి పనికొస్తోంది.