పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైళ్లు: కలెక్టరా, లాగ్‌రొటేటా, జర్నల్‌డీనా?

రాత్రి 2 గంటలకు డిస్క్ నిండిపోయిందని అలర్ట్. లేచి చూస్తే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన మెసేజీలు రాసుకునే ఒక్క లాగ్ ఫైలే 40 జీబీ ఉంది. నిద్రమత్తులో ఆర్‌ఎమ్ (ఫైల్ తుడిచే కమాండ్) కొట్టేశాను. ఫైళ్ల సైజు లెక్కేసే డీయూ ఆ డైరెక్టరీ ఖాళీ అంటోంది, మొత్తం డిస్క్ వాడకం చూపే డీఎఫ్ మాత్రం 100 శాతం దగ్గరే ఉంది. ఫైల్ పేరు పోయింది కానీ పోస్ట్‌గ్రెస్ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది. అది వదిలేదాకా చోటు తిరిగి రాదు. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో వెతికి, ప్రాక్ డైరెక్టరీ కింద ఆ ప్రాసెస్ చేతిలో ఉన్న ఫైల్‌ని ఖాళీ చేశాకే గండం గడిచింది.

నయం, తుడిచింది మామూలు లాగ్‌ని. లాగ్ అనే పేరు చూసి అసలు జర్నల్‌నే, అంటే డేటాలో ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే వాల్ ఫైళ్లనే తుడిచేసి డేటాబేస్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ గందరగోళం తప్పించడానికే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో పీజీ_ఎక్స్‌లాగ్ పేరును పీజీ_వాల్‌గా మార్చారు.

ఆ రాత్రి తప్పు నాదే. పాత లాగ్‌లను పక్కకు తిప్పే లాగ్‌రొటేట్‌కి నేనే రాసిన కాన్ఫిగ్‌లో కాపీట్రంకేట్ (ఫైల్‌ని కాపీ చేసి అసలుదాన్ని ఖాళీ చేయమనే మాట) మర్చిపోయాను. అది లేకపోతే ఫైల్ పేరు మారుతుంది కానీ పోస్ట్‌గ్రెస్ పాత ఫైల్‌లోనే రాసుకుంటూ పోతుంది. డెబియన్ లినక్స్ ప్యాకేజీలో ఆ మాట ముందే ఉంటుంది, దాంతో పాటు వారానికోసారి తిప్పడం, 10 పాత ఫైళ్లు, కంప్రెషన్ కూడా. చిన్న సర్వర్‌కి ఇది హాయి. అయితే కాపీ అయ్యాక అసలు ఫైల్‌ని ఖాళీ చేసేలోపు పడిన లైన్లు గల్లంతు కావచ్చు. పైగా 40 జీబీ ఫైల్‌ని కాపీ చేయాలంటే ఇంకో 40 జీబీ చోటుండాలి. డిస్క్ నిండిన రోజే కదా దీని అవసరం, ఆ రోజే చేతులెత్తేస్తుంది!

నా ఓటు లాగింగ్ కలెక్టర్‌కే (జిల్లా కలెక్టర్ కాదు, పోస్ట్‌గ్రెస్‌తో పాటే నడుస్తూ మెసేజీలను ఫైళ్లలో రాసే ప్రాసెస్). ఒక్క మెసేజీ కూడా పోకూడదన్న లెక్కతో దీన్ని రాశారు. లోడ్ మరీ ఎక్కువైతే మిగతా ప్రాసెస్‌లు కాసేపు ఆగుతాయేమో కానీ లైన్లు మాత్రం పారేయదు. డిఫాల్ట్‌గా 24 గంటలకో, 10 ఎంబీకో కొత్త ఫైల్ తెరుస్తుంది. పాతవాటిని తనంతట తాను తుడవదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. దానికో చిట్కా ఉంది: ఫైల్ పేరులో తేదీకి బదులు వారం పేరు పెట్టి, సైజు పరిమితి 0 చేసి (అంటే సైజును బట్టి తిరగకుండా), రొటేషన్‌లో ట్రంకేట్ ఆన్ చేయండి. ఏడంటే ఏడే ఫైళ్లు, మంగళవారం రాగానే పోయిన మంగళవారం చెరిగిపోతుంది. ఒక మెలిక: సమయం ప్రకారం తిరిగినప్పుడే ఈ చెరపడం జరుగుతుంది. అర్ధరాత్రి సర్వర్ ఆగి ఉండి పొద్దున లేస్తే, పాత మంగళవారం కిందే కొత్తది చేరుతుంది. ఎవరో డీబగ్గింగ్ కోసం లాగ్ స్టేట్‌మెంట్‌ని ఆల్ చేసి (అంటే ప్రతి ఎస్‌క్యూఎల్‌నీ లాగ్‌లో రాయమని చెప్పి) మర్చిపోతే ఒక్క రోజు ఫైలే డిస్క్‌ని మింగేయగలదు. డిఫాల్ట్‌గా ఈ ఫైళ్లు డేటా డైరెక్టరీలోనే ఉంటాయి. వాల్ కూడా అదే డిస్క్ మీద ఉంటే, దానికి చోటు దొరక్క డేటాబేస్ పానిక్ కొట్టి ఆగిపోతుంది. కాబట్టి లాగ్‌లకు వేరే పార్టిషన్ ఇవ్వండి.

ఇక జర్నల్‌డీ, అంటే లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీతో వచ్చే లాగ్ సర్వీస్. ఎర్రర్లు వరదలా వచ్చినప్పుడు రేట్ లిమిట్ పేరుతో మెసేజీలు వదిలేస్తుంది, మనకు అవి కావాల్సింది అప్పుడే. పది లైన్ల ఎస్‌క్యూఎల్ పది ముక్కలవుతుంది, లాగ్‌ని విశ్లేషించే పీజీబ్యాడ్జర్‌కి ఇవ్వాలంటే తలనొప్పి. కానీ వాల్‌ని ఇంకో మెషీన్‌కి లాక్కునే పీజీ_రిసీవ్‌వాల్ లాంటి ప్రాసెస్‌కి ఇదే మేలు. రోజుకి నాలుగు లైన్లు రాసేదానికి ఫైళ్లు, రొటేషన్ ఎందుకు? సిస్టమ్‌డీ కింద నడిపితే జర్నల్‌సీటీఎల్‌ (జర్నల్‌డీ లాగ్ చూపే కమాండ్)లో కనబడుతుంది.

కలెక్టర్ ఆన్ చేయడానికి రీలోడ్ చాలదు, రీస్టార్ట్ కావాలి. జనం వాడుతున్న సర్వర్‌కి డౌన్‌టైమ్ అడగడం ఎంత టెన్షనో తెలిసిందే. సర్వర్ పెట్టిన రోజే ఆన్ చేసి పెట్టుకోండి.