గడువు ముందా, లక్ష్యం ముందా: రెండు అంతరిక్ష యాత్రల లెక్క

గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే పూడికతీత, లాకుల మరమ్మతులు ముగించాలి. నీరు వదిలే తేదీ ఏ కాంట్రాక్టరు కోసమూ ఆగదు. మంగళయాన్‌దీ అదే పరిస్థితి. అంగారకుడికి దారి సుమారు 26 నెలలకోసారే అనుకూలిస్తుంది కనుక, 2012 ఆగస్టులో ప్రకటించిన ఆ యాత్రను ఇస్రో దాదాపు 450 కోట్ల రూపాయలతో, చంద్రయాన్-1 ఉపగ్రహ నమూనానే మార్చుకొని, పరికరాలను సుమారు 15 కిలోలకు పరిమితం చేసి, 2013 నవంబరు 5న పంపింది. పొదుపైన దారే, కాని కోత పడింది పరిశోధన మీదే.

నాసా నేతృత్వంలోని జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుకు అలాంటి గడువు లేదు. చేతిలో లేని సాంకేతికతను రూపొందించుకుంటూ కట్టడంతో ఖర్చు సుమారు వెయ్యి కోట్ల డాలర్లకు పెరిగింది, ప్రయోగం వాయిదాలు పడుతూ 2021 డిసెంబరులో జరిగింది. 2018లో ప్రయోగ సమయపు హోరును తట్టుకుంటుందా అని చేసిన ధ్వని పరీక్ష తర్వాత, ఎండ వేడిని అడ్డుకునే సూర్యకవచపు బిగింపులు కొన్ని ఊడినట్లు తేలడం కూడా ఆ జాప్యంలో భాగమే. అయినా ఖర్చు తగ్గించడానికి 6.5 మీటర్ల అద్దాన్ని చిన్నది చేస్తే ఆ టెలిస్కోపుకు అర్థమే ఉండదు. బడ్జెట్ ఖరారుకు ముందే కీలక సాంకేతికతను పరీక్షించి ఉండాల్సిందన్నదే నా అభ్యంతరం.