పీఎస్5: డిస్క్ మోడలా, డిజిటలా?

దసరా దాటిందంటే చాలు, "అన్నా, పీఎస్5 కొందామనుకుంటున్నా. డిస్క్‌ది తీసుకోవాలా, డిజిటల్‌ది సరిపోతుందా?" అని అడిగేవాళ్లు మొదలవుతారు. ఈసారి మా అన్న కొడుకే అడిగాడు. వాడికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

పీఎస్5 అంటే సోనీ ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే కన్సోల్. డిస్క్ మోడల్‌కు గేమ్ డిస్క్ పెట్టే డ్రైవ్ ఉంటుంది. డిజిటల్‌కు అది ఉండదు, గేములు నెట్‌లో కొని డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆట ఆడించడంలో రెండూ ఒకటే. అదే ప్రాసెసర్, అవే గ్రాఫిక్స్. తేడా ముఖ్యంగా డ్రైవ్‌లో, ధరలో. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ అనే సన్నపాటి పీఎస్5 మన దేశానికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 54,990, డిజిటల్ 44,990. పదివేలు మిగులుతున్నాయి కదా అని చాలామంది డిజిటల్ వైపే మొగ్గుతారు. ఆ మిగులు ఎన్నాళ్లు ఉంటుందో లెక్క వేసుకోరు.

స్పైడర్‌మ్యాన్ 2 వచ్చిన వారంలోనే 4,999 పెట్టి డిస్క్ కొన్నాను. మూడు వారాల్లో ఆట మొత్తం అయిపోయింది. కావలిలో ఉన్న స్నేహితుడు 3,000 ఇచ్చి తీసుకున్నాడు. వాడు ఆడేసి ఒంగోలులో బావమరిదికి 2,200కి ఇచ్చాడు. ఒకే డిస్క్ మూడిళ్లు తిరిగింది, నాకు ఆట 1,999కి పడింది. అదే గేమ్ డిజిటల్‌లో కొని ఉంటే ఆ 4,999 నా అకౌంట్‌లోనే ఉండిపోయేది. అమ్ముకోలేను, ఒకరి చేతికి ఇవ్వలేను. ఇలా నాలుగు గేములు చేతులు మారితే డ్రైవ్ కోసం ఎక్కువ పెట్టిన డబ్బు వెనక్కొచ్చేసినట్టే. నా వరకు తేల్చేసే విషయం ఇదే. నెలకు ఒక కొత్త గేమ్ కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. ముగ్గురం తలా ఒకటి కొని తిప్పుకుంటే ఏడాదిలో మంచివన్నీ ఆడేస్తున్నాం.

పాత డిస్క్ తీసుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఉంది. నెల్లూరు ట్రంక్ రోడ్డులో టీ కొట్టు దగ్గర కలిసినప్పుడు, ఫోన్ టార్చ్ వేసి డిస్క్ అడుగు వైపు ఏటవాలుగా తిప్పి చూస్తాను. సన్న గీతలకు భయపడక్కర్లేదు, ఈ బ్లూరే రకం డిస్కుల మీద గట్టి పూత ఉంటుంది. మధ్య రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగులు కనపడితే మాత్రం ఎంత తక్కువకిచ్చినా తీసుకోను.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను గుర్తుందా? కరెంటు వచ్చేసింది గానీ, మా వీధికి వచ్చే ఫైబర్ తీగ తెగి ఐదు రోజులు నెట్ లేదు. ముందురోజు కొన్న డిజిటల్ గేమ్ సగం డౌన్‌లోడ్ అయి ఆగిపోయింది. పక్క వీధి కుర్రాడి దగ్గర గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ డిస్క్ తెచ్చి పెడితే, నెట్‌తో పనిలేకుండా ఎక్కింది, ఆడాను.

అయితే డిస్క్ ఉంటే చాలనుకోవద్దు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్ పీఎస్5 డిస్క్ మీద ఉన్నది దాదాపు 70 ఎంబీ మాత్రమే, మిగతాదంతా డౌన్‌లోడే. కంపెనీ సర్వర్ల మీదే నడిచే ది క్రూ అనే కార్ల గేమ్‌ను 2024 మార్చి 31న దాని కంపెనీ యూబీసాఫ్ట్ ఆపేస్తే, డిస్క్ దాచుకున్నవాళ్లకూ ఆట పోయింది. కొనేముందు ఆ డిస్క్‌లో ఏముందో తెలుసుకోవాలి.

డిజిటల్‌కూ మేలు లేకపోలేదు. సేల్ పెట్టినప్పుడు పాత గేములు సగం ధరకూ, ఒక్కోసారి ఇంకా తక్కువకూ వస్తాయి. డిస్కులు మార్చే పని లేదు, పిల్లలు గీతలు పెడతారన్న టెన్షన్ లేదు. ఏడాదంతా ఫుట్‌బాల్ గేమ్ ఒక్కటే ఆడేవాళ్లు, ఉచితంగా దొరికే ఫోర్ట్‌నైట్‌తో సరిపెట్టుకునేవాళ్లు నిశ్చింతగా డిజిటలే తీసుకోవచ్చు.

నాకు బాధ కలిగించేది కంపెనీల పోకడ. 2013లో తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత డిస్కులు చేతులు మారడం మీద మైక్రోసాఫ్ట్ ఆంక్షలు ప్రకటిస్తే, సోనీ ఒక చిన్న వీడియో పెట్టింది. గేమ్ పంచుకోవడం ఎలా అంటే, ఒకరు డిస్క్ ఇస్తారు, ఇంకొకరు పుచ్చుకుంటారు, అంతే. అదే నెలలో మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. ఆ సోనీయే 2024 నవంబర్‌లో పీఎస్5లో ఇంకా శక్తిమంతమైన మోడల్ అయిన పీఎస్5 ప్రోను డ్రైవ్ లేకుండా తెచ్చింది. మనం అడగడం మానేస్తే తర్వాతి కన్సోల్‌కు డ్రైవే ఉండదేమోనని నా భయం.

వేరే కన్సోల్ చూస్తుంటే, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డ్రైవ్ లేదు. చందా కట్టి చాలా గేములు ఆడుకునే గేమ్ పాస్ కోసమైతే చూడండి. నింటెండో కన్సోల్ స్విచ్ 2కి గేములు కార్డుల్లో వస్తాయి, వాటిలో కొన్నింటిలో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది, గేమ్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ బాక్స్ మీద రాసింది చదివి కొనండి.

ఇప్పటికే డిజిటల్ స్లిమ్ కొన్నవాళ్లు దిగులుపడక్కర్లేదు. డ్రైవ్ విడిగా కొని పక్కన తగిలించుకోవచ్చు, మొదటిసారి జత చేసేటప్పుడు మాత్రం నెట్ కావాలి. మావాడు డిస్క్ మోడలే తీసుకున్నాడు. "బాబాయ్, మొదటి గేమ్ నీదే ఇవ్వాలి" అన్నాడు. ఆస్ట్రో బాట్ గేమ్ డిస్క్ ఇప్పుడు కావలిలో ఉంది, ఆదివారం వెళ్లి తెచ్చిస్తానని చెప్పాను.