గ్లూటెన్ పడని నేను, మా ఊరి పక్క డైనర్: మూడుసార్లు వెళ్ళొచ్చాక రాస్తున్న రివ్యూ

మూడేళ్ళ కింద నాకు సీలియాక్ అని తేలింది, అంటే గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు, అప్పట్నుంచి గోధుమ, బార్లీ, రై మూడూ బంద్. అమ్మకి ఫోన్లో చెప్తే "అన్నం తినేవాళ్ళకి గోధుమలు లేకపోతే ఏం పోయిందిరా" అంది. నిజమే, ఇంట్లో పెద్ద కష్టమేం లేదు, పూరీ, ఉప్మా పోయాయి, ఇంగువ డబ్బా మార్చాం, చాలా బ్రాండ్ల ఇంగువలో గోధుమపిండి కలుపుతారని అప్పుడే తెలిసింది నాకు. కష్టమంతా బయట తిండితోనే.

మేముండే అమెరికాలోని న్యూజెర్సీలో డైనర్లకి, అంటే టిఫిన్ నుంచి భోజనం దాకా అన్నీ దొరికే మామూలు హోటళ్ళకి, కొదవేముంది. మా ఇంటికి పది నిమిషాల దూరంలో హైవే పక్కనే ఒకటుంది, బయట మెరిసే స్టీలు, లోపల ఎర్ర సీట్లు, పెళ్ళి ఆల్బమ్ అంత మెనూ. పేరు చెప్పను, ఎందుకంటే మొదటిసారి నన్ను రెండ్రోజులు మంచాన పడేసింది.

మెనూలో ఆమ్లెట్ పక్కన జీఎఫ్ (గ్లూటెన్ ఫ్రీ) అని చక్కగా ఉంది, చూసి చీజ్ ఆమ్లెట్ చెప్పా. దిబ్బరొట్టెలా పొంగి వచ్చింది, అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు, ఆకలి మీదున్నా. రాత్రికి కడుపు మెలిపెట్టేసింది. తర్వాత ఫోన్ చేసి అడిగితే కుక్ మెత్తగా రావడానికి గరిటెడు పాన్‌కేక్ పిండి, అదేమో గోధుమదే, పోస్తాడట, "కొంచెమేగా" అన్నారు! ఇది వీళ్ళొక్కళ్ళ తెలివే అనుకునేరు, ఓ పెద్ద పాన్‌కేక్ చెయిన్ అయితే ఆమ్లెట్లో పిండి వేస్తామని మెనూలోనే రాసుకుంది.

ఇంకెప్పుడూ వెళ్ళకూడదనుకున్నా గానీ పిల్లలకి అక్కడి పాన్‌కేక్‌లంటే ప్రాణం, ఆర్నెల్ల తర్వాత ఓ గురువారం సాయంత్రం మా ఆవిడ లాక్కెళ్ళింది. ఈసారి వచ్చిన సర్వర్ పెద్దావిడ, గ్లూటెన్ అనగానే "అలర్జీనా, డైటింగా?" అని అడిగింది. సీలియాక్ అన్నా. పెన్ను పక్కన పెట్టేసి, మెనూ నా చేతిలోంచి తీసేసుకుని, ఏం తినొచ్చో తనే చెప్పడం మొదలెట్టింది.

ఆమ్లెట్ వద్దు, హాష్ బ్రౌన్స్ (తురిమి కాల్చిన బంగాళాదుంప) వద్దు, పాన్‌కేకులూ ఫ్రెంచ్ టోస్టూ కాల్చేది ఆ పెనం మీదే. ఫ్రైస్ అంటే ఉత్త బంగాళాదుంపలే కదా అన్నా, పిండి పూసిన ఉల్లి రింగులు, మోజరెల్లా చీజ్ స్టిక్స్ వేగేది ఆ నూనెలోనే అంది. ఫ్రైస్ మీద చీజ్, గ్రేవీ పోసిచ్చే డిస్కో ఫ్రైస్ సంగతి అడగనే అక్కర్లేదు, పైన పోసే గ్రేవీ చిక్కబడేదే మైదాతో. మిల్క్‌షేక్ ఓకే, మాల్ట్ పొడి కలిపే మాల్టెడ్ మాత్రం వద్దంది, అందులో బార్లీ ఉంటుంది. ఇది చాలామందికి తట్టదు, ఇక్కడి చట్టం ప్రకారం పాకెట్ల మీద తప్పనిసరిగా చెప్పాల్సిన 9 అలర్జెన్లలో గోధుమ ఉంది గానీ బార్లీ, రై లేవు, కాబట్టి అలర్జీ లిస్టులో గోధుమ లేదంటే మనకి సేఫ్ అని కాదు. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే గ్లూటెన్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) లోపు ఉండాలని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో పెట్టిన రూలు కూడా పాకెట్ సరుకుని చూసి రాసిందే, డైనర్ వంటింట్లో టోస్టర్ అడుగున రాలిన పొడిని కొలిచేదెవడు?

చివరికి ఏం తిన్నానంటే, విడిగా గిన్నెలో నీళ్ళు మరిగించి చేసిన పోచ్డ్ ఎగ్స్ రెండు, ఫాయిల్లో చుట్టి కాల్చిన బంగాళాదుంప, పళ్ళ ముక్కలు. గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్ రెండు ముక్కలకి రెండున్నర డాలర్లు ఎక్స్‌ట్రా, సైజేమో అరచేతిలో సగం, రుచి అట్టముక్క, కానీ టోస్టర్లో పెట్టకుండా ఫాయిల్ మీద ఓవెన్లో కాల్చి తెచ్చారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయా.

మూడోసారి తెలివితక్కువగా ఆదివారం పదకొండింటికి వెళ్ళాం. బయట లైను, లోపల గోల, కుర్రాడొకడు నా మొహం కూడా చూడకుండా "గ్లూటెన్ ఫ్రీ, గాట్ ఇట్" అని వెళ్ళిపోబోయాడు. పిలిచి ఏ పెనం అని అడిగితే దిక్కులు చూశాడు. కాఫీ తాగి, అరటిపండు తిని, పిల్లలు తింటుంటే చూస్తూ కూర్చున్నా. వాడి తప్పేం లేదులెండి, ఎవరూ నేర్పకపోతే వాడికెలా తెలుస్తుంది, కాకపోతే మెనూలో ఆమ్లెట్ పక్కన జీఎఫ్ అని అచ్చేసిన ఓనర్‌ని మాత్రం అడగాలనిపించింది.

ఎన్ని స్టార్లంటే ఏం చెప్పను, గురువారానికి నాలుగు, ఆదివారానికి ఒకటి, ఆ ఒకటీ కాఫీకి. ఆ పెద్దావిడ సర్వర్ వీకెండ్ రాదట, షిఫ్టులు అడిగి ఫోన్లో పెట్టుకున్నా. అందుకే మా పాన్‌కేక్ ప్రోగ్రాం గురువారం సాయంత్రానికి మారింది, పిల్లలు స్కూల్ బ్యాగులతో సహా వచ్చి అక్కడే హోంవర్క్ చేసుకుంటున్నారు.