శీతల్‌పాటి చాప: ఒక వేసవి వాడిన తరువాత

గత మార్చిలో విశాఖపట్నంలో జరిగిన ఒక హస్తకళల ప్రదర్శనలో, అస్సాం దక్షిణాన ఉన్న బరాక్ లోయ నుంచి వచ్చిన నేతగాళ్ల దగ్గర ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల శీతల్‌పాటి చాప ఒకటి 2,400 రూపాయలకు కొన్నాను. తుంగ చాపలు, ఈత చాపలు వాడుతూ పెరిగినవాళ్లం కనుక ఒక చాపకు అంత సొమ్ము పెట్టడానికి మొదట మనసొప్పలేదు. వేసవి నాలుగు నెలలూ దానిమీదే పడుకున్నాక ఆ ధర సబబేనని చెప్పగలను.

సముద్రం పక్కనే ఉన్నా మే నెల రాత్రుల్లో మన ఊరి ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పరుపు వేడెక్కిపోయి, తుంగ చాప వీపు మీద అచ్చులు వేసే ఆ రోజుల్లో ఈ చాప నున్నగా, పేరుకు తగ్గట్టే చల్లగా ఉంది. చెమట అంటుకోదు, తడిగుడ్డతో తుడిస్తే మరకలు పోతాయి. లోపాలు కూడా చెప్పాలి. అంచుకు కుట్టిన గుడ్డ రెండు వారాలకే ఊడింది. దుకాణంలో దాన్ని చుట్టకుండా మడిచి ఇవ్వడం వల్ల మడత పడినచోట నాలుగైదు దబ్బలు చిట్లాయి.

అయితే నేను ఈ చాపను మెచ్చుకోవడానికి అసలు కారణం అది పెరిగే నేల. బరాక్ లోయలో పాటిదోయి అనీ, సరిహద్దు దాటితే బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో ముర్తా అనీ పిలిచే ఈ మొక్క ఆరోరూట్‌కు దగ్గరి చుట్టం. ఏ పంటా నిలవని పల్లంలో, ఇళ్ల వెనుక నీరు నిలిచే చోట, వక్క చెట్ల, వెదురు పొదల నీడన దీన్ని తరతరాలుగా పెంచుతున్నారు. ముదిరిన కాడలను కోసి, లోపలి బెండు తీసివేసి, పైపొరను సన్నని దబ్బలుగా చీల్చి, గంజినీళ్లలో ఉడికించి నేస్తారు. సిల్హెట్ నేతను యునెస్కో 2017లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కాడలు కోసినా దుంపలు నేలలోనే ఉండి మళ్లీ చిగురిస్తాయి కనుక ఏటా దున్నవలసిన పని లేదు. నీరు నిలిచిన మట్టిలోకి గాలి సరిగా చేరదు. అందువల్ల రాలిన ఆకులూ, చచ్చిన వేళ్లూ మెల్లగా కుళ్లుతాయి, వాటిలోని కార్బన్‌లో కొంత భాగం ఏళ్ల తరబడి మట్టిలోనే నిలుస్తుంది. అదే నేలలో నీరు తీసి ఆరబెడితే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అంది, దాచుకున్న కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. తడి నేల నుంచి మీథేన్ వెలువడుతుందన్నది కూడా నిజమే, లెక్క వేసేటప్పుడు దాన్ని వదిలిపెట్టకూడదు. కానీ పల్లాన్ని పల్లంగానే ఉంచి, చెట్టూ పొదా కలిపి పెంచి, దానినుంచే కుటుంబానికి రాబడి తెచ్చే ఈ పద్ధతిలో, నేలను ఆరబెట్టాలన్న ఆశ రైతుకు పుట్టదు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే.

చాపను తూచి చూశాను, ఒకటిన్నర కిలో ఉంది. ఎండిన మొక్క బరువులో సుమారు 45 శాతం కార్బన్ అనుకుంటే ఇందులో ఉన్నది దాదాపు 675 గ్రాములు, అంటే రెండున్నర కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. అది చాలా చిన్న మొత్తం, పైగా చాప పాడయ్యాక తిరిగి గాలిలోకే పోతుంది. కాబట్టి ఈ కొనుగోలు వల్ల కలిగే మేలును చాపలో కాక, కోసిన కాడల కింద మిగిలిన దుంపల్లో, మట్టిలో వెతకాలి.

ఈ మాట రాస్తున్నప్పుడు అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ, దాని తాటి దోనెలు గుర్తుకొస్తున్నాయి. ఉత్తరాంధ్రలో ఆవ అంటేనే నీరు నిలిచే పల్లం. అలాంటి చోట్లను మట్టి పోసి ఎత్తు చేయడమే అభివృద్ధి అనుకునేవారికి, ఆ పల్లం నుంచే 2,400 రూపాయల వస్తువు పుట్టగలదని చూపించాలనిపిస్తుంది. మన తుంగ, జమ్ము చాపలు కూడా తడి నేలలోంచి వచ్చినవే, వాటికీ ఇంత శ్రద్ధగా నేసి, ఇంత ధర పలికించే అంగడి దొరకాలని నా కోరిక.

ఊడిన అంచుకు నూలు పట్టీ వేయించాను, ఇప్పుడు గట్టిగా ఉంది. ఆ నేతగాళ్లు వచ్చే ఏడు మళ్లీ వస్తే అమ్మకు చిన్నది ఒకటి తీసుకుంటాను, మడవకుండా చుట్టి ఇమ్మని ముందే అడుగుతాను.