యోవిల్టన్, టెల్‌ఫర్డ్, గోవా: మోడల్ కిట్లు కట్టేవాళ్ళ కోసం

బ్రిటిష్ నౌకాదళ విమానాల కిట్లు కట్టే అలవాటు ఉండి, ఇంగ్లండ్‌లో ఒక్క మ్యూజియానికే టైమ్ ఉంటే నేరుగా యోవిల్టన్ వెళ్ళండి. లండన్‌లోవి ఇంకోసారి చూసుకోవచ్చు. మాది విశాఖ. ఇంట్లో 1/72, 1/48 స్కేల్ కిట్లు, అంటే అసలు విమానంలో 72వ వంతు, 48వ వంతు సైజు బొమ్మలు కడుతుంటాను. రెడింగ్‌లో ఉండే తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు, నవంబర్‌లో టెల్‌ఫర్డ్‌లో జరిగే మోడల్ షో తేదీలు కలిసొచ్చేలా టికెట్లు తీసుకున్నాను. దానికి ముందు యోవిల్టన్, ఇంటికి వచ్చాక గోవా. ఒకే పని మనసులో పెట్టుకుని మూడూ తిరిగాను కాబట్టి పోల్చి చెప్పగలను.

యోవిల్టన్ సోమర్సెట్‌లో ఉంది. రాయల్ నేవీ వాళ్ళ ఎయిర్ స్టేషన్ ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని ఆనుకునే ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ (బ్రిటిష్ నేవీ విమాన విభాగం) మ్యూజియం. 1964లో మొదలైంది. కారుంటే ఏ303 రోడ్డు మీద నుంచి తేలిగ్గా చేరొచ్చు. రైల్లో అయితే రెడింగ్ నుంచి కాజిల్ కేరీలో దిగి టాక్సీ పట్టాలి. లండన్ వాటర్లూ నుంచి వచ్చేవాళ్ళకి యోవిల్ జంక్షన్ ఉంది. ఏ స్టేషన్‌లో దిగినా టాక్సీ ఖర్చు తప్పదు, బస్సుల మీద ఆధారపడితే రోజంతా టెన్షనే. తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకుని, డ్రైవర్ నంబర్ తీసుకోండి. మేం మాట్లాడుకున్న టాక్సీ చెప్పిన టైమ్‌కి రాలేదు. చీకటి పడ్డాక గేటు దగ్గర చలిలో చాలాసేపు నిలబడ్డాం. చలికాలంలో మ్యూజియం వారంలో కొన్ని రోజులు మూసే ఉంటుంది, తేదీలు చూసుకుని బయల్దేరండి.

ఇక అసలు విషయం. కిట్ కట్టేవాడికి కావలసింది విమానం ఆకారం ఒక్కటే కాదు. ఆ ఆకారం డ్రాయింగుల్లోనూ దొరుకుతుంది. రంగు ఎక్కడ అరిగింది, ఏ ప్యానెల్ దగ్గర నూనె కారింది, అక్షరాలు చేత్తో రాశారా, స్టెన్సిల్‌తో వేశారా, ఇవి తెలియాలంటే ఆనాటి పెయింట్ అలాగే మిగిలిన విమానం ఎదురుగా ఉండాలి. చాలా మ్యూజియంల్లో విమానాలకి మళ్ళీ మళ్ళీ రంగులు వేస్తారు. చూడ్డానికి బాగుంటాయి కానీ మనకి ఆధారంగా పనికిరావు.

యోవిల్టన్‌లో కేడీ431 అనే నంబరున్న కోర్సెయిర్ యుద్ధవిమానం ఉంది. అమెరికాలో గుడ్‌ఇయర్ కంపెనీ 1944లో కట్టి బ్రిటిష్ నేవీకి ఇచ్చినది. 1960ల్లో దాని మీద కొత్త రంగు వేశారు. 2000 తర్వాత మ్యూజియం సిబ్బంది కొన్నేళ్ళు కూర్చుని ఆ పై పొరని అంగుళం అంగుళంగా తీసి, కింద ఉన్న 1944 నాటి పెయింట్‌ని బయటపెట్టారు. దాని పక్కన నిలబడి రెక్క బాడీకి అతికే చోటు చూస్తే మన వెదరింగ్ (వాడి పాతబడినట్టు కనిపించేలా వేసే రంగులు) ఎంత అతిగా ఉంటుందో అర్థమవుతుంది. మనం ప్యానెల్ లైన్లన్నిటికీ (రేకులు కలిసే గీతలకి) నల్లటి వాష్, అంటే పల్చటి రంగు పట్టిస్తాం. అసలు విమానం మీద రెండడుగుల దూరం నుంచి కూడా చాలా గీతలు కనబడవు. కనబడేవి మనుషులు ఎక్కి దిగిన చోట్ల అరుగుదల, మూతల చుట్టూ మరకలు, ఎండకి వెలిసిన బూడిద రంగు. ఇంకో సంగతి, అమెరికాలో తయారైన విమానాలకి అక్కడి పెయింట్లలో బ్రిటిష్ షేడ్లకి దగ్గరగా ఉన్నవే వేశారు. అందుకని కోర్సెయిర్‌కి ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే అనే బ్రిటిష్ షేడ్ సీసా మూత తీసి కళ్ళు మూసుకుని కొట్టేయడం సరికాదు. బ్రిటిష్ నౌకల హ్యాంగర్ల ఎత్తు తక్కువ కాబట్టి ఈ కోర్సెయిర్ల రెక్కల చివర్లు సుమారు 8 అంగుళాలు కత్తిరించారు. మీ కిట్‌లో ఆ చివర్లు ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి. మార్ట్‌లెట్ అనే ఇంకో విమానం (ఏఎల్246) మీదా ఇలాగే పాత పెయింట్‌ని వెలికితీశారు. ఈ రెండింటి దగ్గరే సగం రోజు గడపొచ్చు. నేను గడిపాను.

స్కువా విమానాన్ని బాగుచేయకుండా అలాగే ఉంచారు. 1940 ఏప్రిల్‌లో నార్వేలో గడ్డకట్టిన సరస్సు మీద దిగి, తర్వాత నీళ్ళలో మునిగిపోయిన విమానం అది. 1974లో బయటికి తీశారు. నలిగిన రేకులు, బయటపడ్డ ఫ్రేములు చూస్తుంటే లోపలి కట్టుబడి మొత్తం తెలుస్తుంది. ఫుల్మార్ అనే విమానం మొదటి నమూనా ఇక్కడే ఉంది, ప్రపంచంలో మిగిలిన ఫుల్మార్ అదొక్కటే. అల్బకోర్ విమానం కూడా అంతే. బారకూడా విమానాలు 2,500కి పైగా తయారైనా పూర్తి విమానం ఎక్కడా మిగల్లేదు. ఇక్కడ శిథిలాల ముక్కలతో ఒకదాన్ని తిరిగి కడుతున్నారు. ఇంత శ్రద్ధగా పనిచేసే చోటుకి టికెట్ డబ్బులు ఇవ్వడం నాకు ఆనందంగా అనిపించింది.

పైనా కిందా రెండు రెక్కలుండే స్వోర్డ్‌ఫిష్ విమానం కట్టేవాళ్ళు రిగ్గింగ్ (రెక్కలని బిగించి పట్టే వైర్లు) దగ్గర ఆగిపోతారు. దగ్గర్నుంచి చూస్తే ఆ వైర్లు గుండ్రటి తీగలు కావు, చదునైన ఉక్కు పట్టీలు. టామియా కంపెనీ 1/48 కిట్‌కి విడిగా దొరికే ఎచ్ చేసిన (పల్చటి రేకుని రసాయనంతో కోసిన) లోహపు రిగ్గింగ్ సెట్ అందుకే సాగే దారం కంటే నిజంగా కనిపిస్తుంది. యుద్ధం తొలి ఏళ్ళ స్వోర్డ్‌ఫిష్‌లకి కింది రెక్క పైభాగం లేత షేడ్లలో ఉండేది. పై రెక్క నీడ పడుతుంది కాబట్టి అలా వేసేవారు. చాలామంది రెండు రెక్కలకీ ఒకే రంగు వేస్తారు, అక్కడే మోడల్ అందం పోతుంది.

మూడో హాల్లో పాత ఆర్క్ రాయల్ విమానవాహక నౌక డెక్ మీద ఉన్నట్టు ఏర్పాటు చేశారు. వెలుతురు తక్కువ, కాబట్టి ఫోటోలకి చెయ్యి కదలకుండా పట్టుకోవాలి. పిల్లలకి ఇదే బాగా నచ్చుతుంది. మా తమ్ముడి కొడుకు అక్కణ్ణుంచి కదల్లేదు. సీ విక్సెన్ అనే ఇద్దరు కూర్చునే జెట్ దగ్గర ఒక వాలంటీర్ పెద్దాయన ఉన్నారు, నేవీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట. పైలట్ అద్దాల గూడు ఎడమవైపుకి జరిగి ఎందుకుందో, కుడివైపు లోపల అబ్జర్వర్ ఎంత ఇరుకులో కూర్చునేవాడో వేలు పెట్టి చూపించారు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1/48 సీ విక్సెన్ కిట్‌లో ఆ పక్క మూత తెరిచి పెట్టాలని అప్పుడే అనుకున్నాను. ఆ కిట్ ముక్కులో బరువు సరిగ్గా పెట్టకపోతే తోక మీద కూర్చుంటుంది, ఆ సంగతి మాత్రం మర్చిపోకండి. నాలుగో హాల్లో బ్రిటన్‌లో తయారైన మొదటి కాంకర్డ్ 002 ఉంది. నాతో వచ్చినవాళ్ళు అందులోకి ఎక్కి వచ్చారు.

బసకి రెండు దారులు. ఇల్చెస్టర్ దగ్గరే ఉంది కానీ చిన్న ఊరు, రాత్రి తిండికి పెద్దగా దొరకదు. యోవిల్‌లో షాపులు, ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. మేం యోవిల్‌లో ఒక బీ అండ్ బీలో (గది, పొద్దున టిఫిన్ ఇచ్చే చిన్న బసలో) ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, హీటర్ మాత్రం రాత్రి ఒక టైమ్ తర్వాత ఆపేశారు. శాకాహారులు పొద్దున టిఫిన్ గురించి ముందురోజే చెప్పాలి. మ్యూజియం కేఫ్‌లో వేడి వేడి సూప్, బంగాళాదుంపలు దొరుకుతాయి, అవి చాలు.

టెల్‌ఫర్డ్ సంగతి వేరు. ఐపీఎంఎస్ యూకే అనే మోడలర్ల సంఘం వాళ్ళు టెల్‌ఫర్డ్ ఇంటర్నేషనల్ సెంటర్‌లో ఏటా నవంబర్‌లో శని, ఆదివారాలు జరిపే స్కేల్ మోడల్‌వరల్డ్ ఇది. హాళ్ళ నిండా టేబుళ్ళు, పోటీ మోడళ్ళు, కిట్ల దుకాణాలు. ఎవరి దగ్గరికి వెళ్ళి అడిగినా విసుక్కోకుండా చెప్తారు. ఒకాయన ట్రంపెటర్ కంపెనీ వైవర్న్ విమానం మోడల్‌కి రెక్క మడత ఎలా కోసి అతికించాడో బొమ్మ గీసి మరీ చూపించాడు. అది ఏ వీడియోలోనూ దొరకదు. సెంటర్ దగ్గరి హోటళ్ళు నెలల ముందే నిండిపోతాయి, మిగిలినవి రేట్లు పెంచేస్తాయి. అందుకే ష్రూస్‌బరీలోనో వుల్వర్‌హాంప్టన్‌లోనో దిగండి. రెండూ అదే రైలు లైన్లో ఉన్నాయి. నాకు ష్రూస్‌బరీ నచ్చింది. పాత ఊరు, సాయంత్రం నడవడానికి బాగుంటుంది, గది కూడా చవగ్గా దొరికింది. టెల్‌ఫర్డ్ సెంట్రల్ స్టేషన్ నుంచి హాలుకి నడిచే వెళ్ళొచ్చు.

ఒక రోజు మిగిలితే అదే లైన్లో కాస్‌ఫర్డ్‌లో దిగి ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియం చూడొచ్చు. ప్రవేశం ఉచితం, అయితే మనక్కావలసిన నేవీ విమానాలు తక్కువ. డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో నేవీ విమానాలు గానెట్, సీ విక్సెన్ ఉన్నాయి. టికెట్ ఎక్కువ, నడక ఎక్కువ. విమానాలన్నీ ఇష్టపడేవాళ్ళకి సరే, నేవీ కోసమే అయితే యోవిల్టన్ చాలు.

కొనేటప్పుడు రెండు సంగతులు. ఎనామెల్ పెయింట్లు, థిన్నర్లు, స్ప్రే డబ్బాలు మండే స్వభావం ఉన్నవి, విమానంలో చేతి బ్యాగులోనూ చెక్-ఇన్‌లోనూ ఒప్పుకోరు. అక్కడ రంగులు చూసి ముచ్చటపడి కొనకండి, షేడ్ పేరు రాసుకుని వచ్చి ఇక్కడ అక్రిలిక్‌లో కలుపుకోండి. కిట్లు, డెకాల్స్ (గుర్తులు, అంకెల స్టిక్కర్లు), ఎచ్ చేసిన ముక్కలు మాత్రం హాయిగా తెచ్చుకోవచ్చు. పెట్టెలు పెద్దవి, లోపల సగం ఖాళీ. నేను రెండు కిట్ల స్ప్రూలని (భాగాలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాలని) ఒకే పెట్టెలో సర్ది, ఖాళీ పెట్టె మడిచి సూట్‌కేస్ అడుగున పెట్టాను. టూరిస్టులకి వ్యాట్ వెనక్కిచ్చే పద్ధతిని బ్రిటన్ 2021 నుంచి తీసేసింది, ఆ లెక్క వేసుకుని ఎక్కువ కొనకండి.

ఇక గోవా. భారత నౌకాదళం రంగుల్లో కట్టాలనుకునేవాళ్ళకి ఇది తప్పదు. బోగ్మాలో దగ్గర, దబోలిం ఎయిర్‌పోర్ట్‌కి పక్కనే నేవల్ ఏవియేషన్ మ్యూజియం 1998లో తెరిచారు. మన నేవీ మొదటి విమానం సీల్యాండ్, ఫైర్‌ఫ్లై, సీ హాక్, సీ హారియర్ అన్నీ ఆరుబయట ఉన్నాయి. 1971 డిసెంబర్ 4న విక్రాంత్ నుంచి లేచి కాక్స్ బజార్ మీద దాడి చేసినవి సీ హాక్‌లే. పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్‌ఎస్ ఘాజీ విశాఖ ఎదుట మునిగిన రాత్రి తెల్లవారాక జరిగిన సంగతి ఇది. అందుకే నాకు ఆ విమానం అంటే ప్రత్యేకమైన ఇష్టం. ఉప్పుగాలి, ఎండ, వాన మధ్య ఉంటాయి కాబట్టి వీటికి రంగులు మళ్ళీ వేయక తప్పదు. షేడ్ కోసం వీటిని నమ్మొద్దు, సర్వీసులో ఉన్నప్పటి ఫోటోలు వెతకండి. కానీ చక్రాల గూళ్ళు, రెక్క మడత కీలు, నౌక మీద దిగేటప్పుడు పట్టుకునే హుక్ లాంటివి పగటి వెలుతురులో నాలుగు వైపుల నుంచీ చూడొచ్చు. ఫోటోలకి యోవిల్టన్ హాళ్ళ కంటే ఇదే నయం. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం ఎండలో నిలబడలేరు. సోమవారం సెలవు.

సీ హారియర్‌ని మన నేవీ రకమైన ఎఫ్‌ఆర్‌ఎస్.51గా కట్టేవాళ్ళకి కైనెటిక్ కంపెనీ 1/48 ఎఫ్‌ఆర్‌ఎస్.1 (బ్రిటిష్ రకం) కిట్ మంచి మొదలు. బ్రిటిష్ వాళ్ళ సైడ్‌వైండర్ మిసైళ్ళ బదులు మనవాళ్ళు ఫ్రెంచ్ మ్యాజిక్ మిసైళ్ళు వాడారు, అవి విడిగా తెచ్చుకోవాలి. మన తొలి హారియర్లకి పైన ముదురు బూడిద, కింద తెలుపు. తర్వాత వాటిని లేత బూడిదలోకి మార్చారు. నేను మొదటిది ఎంచుకున్నాను. టెల్‌ఫర్డ్‌లో దొరికిన మ్యాజిక్ మిసైళ్ళకి ప్రైమర్ వేశాను, ఇక రంగు పడాలి.