పెచ్చులూడిన శ్లాబుకి ఏది మేలు: పైపూతా, పూర్తి మరమ్మతా?

విశాఖలో బీచ్‌కి దగ్గరగా ఉన్న పాత అపార్ట్‌మెంట్ల కింద నిలబడి తలెత్తి చూడండి. ఏదో ఒక బాల్కనీ అడుగున పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తాయి. మేస్త్రిని పిలిస్తే "సిమెంటు కొట్టేద్దాం సార్, సాయంత్రానికి అయిపోద్ది" అంటాడు. ఇంజనీరేమో శ్లాబు కింద జాకీలు (ఆధారపు కడ్డీలు) పెట్టి, చుట్టూ కొట్టించి, ఊచలు శుభ్రం చేయించమంటాడు. ఖర్చు కొన్ని రెట్లు తేడా. ఎవరి మాట వినాలో తేలాలంటే ముందు తుప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

టెర్రస్ లీకో, పై ఫ్లాట్ బాత్రూమ్ లీకో అయితే ఆ తడి ఉన్నచోటే పాడవుతుంది. ఉప్పు గాలి సంగతి వేరు. మంచి కాంక్రీటులోని క్షారం వల్ల ఊచ మీద కంటికి కనిపించని పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంటుంది. ఉప్పులోని క్లోరైడు ఏళ్ల తరబడి లోపలికి దిగి ఆ పొరని ఛేదిస్తుంది. తుప్పుకి అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు కావాలి, ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. ఉప్పు లేని నాగావళి నది ఇసుకతో శుభ్రంగా కట్టిన ఇంటికీ ఇది తప్పదు, ఎందుకంటే ఉప్పు గాలిలోంచే వస్తోంది.

పైపూతలో తుప్పు అలాగే ఉండిపోతుంది, కాబట్టి పూసిన ముక్క మళ్లీ ఊడుతుంది. ఈలోగా ఊచ సన్నబడుతున్నా పైకి కనపడదు. నా దృష్టిలో అసలు ప్రమాదం అదే. అయినా ఒక్కచోట పైపూత చాలు: ఊచ దాకా పోని చిన్న పెచ్చు, లీకు కూడా ఆపేశాక. అక్కడ కూడా సుత్తితో మెల్లగా తట్టి, డొల్ల శబ్దం వచ్చినంత మేరా తీసేశాకే పూయాలి.

పూర్తి మరమ్మతు ఇలా ఉంటుంది. ముందు శ్లాబుకి సపోర్టులు. తర్వాత ఊచ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ వచ్చేలా చిప్పింగ్ (పాడైన కాంక్రీటు కొట్టి తీయడం), అదీ తుప్పు లేని ఊచ కనిపించే వరకు. వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, బాగా సన్నబడిన చోట కొత్త ఊచ జతచేసి, తుప్పు నిరోధక ప్రైమర్ వేసి, పాలిమర్ కలిపిన మోర్టారు నింపి, నీళ్లు కొట్టి తడిగా ఉంచాలి. కొటేషన్‌లో చిప్పింగ్ లోతు రాయించండి. బేరమాడితే ముందు తగ్గేది అదే.

ఒక చిక్కుంది. ఉప్పు పట్టిన కాంక్రీటులో కొంత ముక్కే బాగుచేస్తే, ఆ ముక్క అంచు దాటాక పాత ఊచ ఇంకా త్వరగా తుప్పు పట్టొచ్చు. అందుకే ఊడినంత మేరే కాకుండా చుట్టూ కూడా చూడాలి. కొందరు అప్పుడే విరిచిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లి, గులాబీ రంగు రాగానే "బాగుంది సార్" అంటారు. ఆ రంగు చెప్పేది క్షారం ఉందని మాత్రమే. క్లోరైడు చేరి ఉంటే గులాబీగా ఉన్న కాంక్రీటులోనూ ఊచ తుప్పు పడుతుంది. సముద్రం పక్కన ఇల్లైతే డ్రిల్లు పొడి ల్యాబ్‌కి పంపి క్లోరైడు పరీక్ష విడిగా అడగాలి.

దూలానికో స్తంభానికో ఊచ వెంబడి పొడవాటి పగులు వచ్చిందంటే ఈ రెండింటిలో ఏదని మేస్త్రితో చర్చించకండి. స్ట్రక్చరల్ ఇంజనీరు చూశాకే ఏదైనా.

కొత్తగా కట్టేవాళ్లకి లెక్క తేలిక. తీరప్రాంత వాతావరణం నేరుగా తగిలే భాగాలకు మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు (ఊచని కప్పే కాంక్రీటు మందం) అడుగుతుంది. ఎపాక్సీ పూత ఊచలకి డబ్బు పెట్టేముందు ఆ మందం నిలిపే కవర్ బ్లాకులు, స్లాగ్ సిమెంటు (ఉక్కు కొలిమి చిట్టెం కలిపినది), క్యూరింగ్ (తడిగా ఉంచడం) సరిగ్గా ఉన్నాయో చూసుకోవాలి. వంచేటప్పుడు, కట్టేటప్పుడు ఆ పూత గీసుకుపోతే సరిగ్గా అక్కడే తుప్పు మొదలవుతుంది. స్లాగ్ సిమెంటులో ఉప్పు నెమ్మదిగా దిగుతుంది గానీ బలం రావడానికి కాస్త టైం తీసుకుంటుంది. కాబట్టి కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి, సెంట్రింగ్ తీయడానికి తొందరపడకూడదు.

పాత ఇంటి పూర్తి మరమ్మతైతే డిసెంబరు తర్వాత పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో తడిసిన శ్లాబు అప్పటికి ఆరి ఉంటుంది.